అవతలి షెడ్డు కుళాయి

కరోనా రోజుల్లో ఊరందరికీ జబ్బు భయం. నాకు మాత్రం కుళ్లు. అది ఊపిరితిత్తుల దాకా పాకింది.

అంబాజీపేటలో రోడ్డుకి ఇటు మా కొబ్బరి షెడ్డు, అటు మా తోడల్లుడు పనిచేసే షెడ్డు. ఇద్దరిదీ కాయలు లెక్కపెట్టే పనే. ఒక ఉదయం చూద్దును కదా, వాళ్ల గుమ్మంలో కొత్త కుళాయి! కాలితో తొక్కితే నీళ్లు. నా కళ్లకది ధవళేశ్వరం ఆనకట్టంత కనిపించింది. పక్కన సబ్బు, కొత్త పెళ్లికూతురిలా. లోపల మనిషికీ మనిషికీ మధ్య సున్నపు గీతలు.

మా షెడ్డులో ఇరవైమందికి ఒకే కుండ, ఒకే గ్లాసు. షావుకారుగారిచ్చిన మాస్కు ఉతికి ఉతికి దోమతెర అయింది. పైగా మొదటి కాయకి ఒకటి అనకుండా "లాభం" అని లెక్క మొదలుపెట్టి, లారీ మీదివాళ్లకి వినపడేలా అరవాలి. అరవాలంటే మాస్కు దించాలి. ఆ తుంపర్లు నాకెదురుగా కూర్చుని కాయలందించే పెద్దమ్మ మీద చినుకుల్లా పడేవి. ఆమెకి ఆయాసం.

"రేపట్నించి రాను బాబూ," అందామె ఒకరోజు.

"మరి పొయ్యెలా వెలుగుతుంది పెద్దమ్మా?"

"అదేగా! కూలి కావాలంటే ఊపిరొదులుకోవాలా? నాకు రెండూ కావాలి."

టీ దగ్గర తోడల్లుడు దొరికాడు.

"మీ షావుకారుగారు దేవుడండీ, అన్నయ్యగారూ," అన్నాను పళ్లు నూరుకుంటూ.

"ఆయ్, దేవుడేనండి. అందరం గుమ్మంలో చతికిలబడి కాయ ముట్టుకోబోమన్నాకే ప్రత్యక్షమయ్యేరు."

"ముందు కూర్చున్నదెవరు?"

"నేనేనండి."

అంతవరకూ కుళాయి మీదున్న కుళ్లు మనిషి మీదికి మళ్లింది. ఈ సంగతి మా అత్తగారికి తెలిస్తే ఇక నా కంచంలో నెయ్యి పడదు.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ ఇంటికెళ్లి, "ఈ ఒక్క రోజూ రా, పని చెయ్యకుండా కూర్చుందువుగాని," అని తీసుకొచ్చాను. లారీ సిద్ధంగా ఉంది. నేను గుమ్మంలో కూలబడ్డాను. పక్కనే పెద్దమ్మ, వెనక మిగతావాళ్లు.

"ఏంటయ్యా, కాలు బెణికిందా?" అన్నారు షావుకారుగారు.

"లేదండి. కుళాయి కావాలండి. గీతలు కావాలండి. పెద్దమ్మని గాలొచ్చే గుమ్మం దగ్గర కూర్చోబెట్టాలండి." అప్పుడు నా గొంతు దోమంత. ఇప్పుడు చెబుతుంటే సింహమంత అవుతోంది, ఏం చెయ్యను!

"అవతలోళ్లని చూసి అసూయా?"

"ఆయ్, అసూయేనండి."

లారీ డ్రైవరు హారను మోగిస్తూనే ఉన్నాడు. షావుకారుగారు లారీ వంక చూశారు, మా వంక చూశారు, ఆఖరికి ఫోను తీసి ప్లంబరుని పిలిచారు.

మూడోనాడు కుళాయి వచ్చింది. మొదట పెద్దమ్మే మోచేతుల దాకా కడుక్కుంది, ఎవరికీ దారివ్వకుండా. తరవాత గుమ్మం దగ్గర గాలికి కూర్చుంది. నేను మాస్కు దించకుండా వేలెత్తి చూపిస్తే, తన మాస్కులోంచే "లాభం!" అని అరిచింది. లారీ మీదివాళ్లకి వినపడింది.

అయినా వాళ్ల సబ్బే మంచి వాసన. ఆ సంగతి నేనింకా మరిచిపోలేదు.