అయిదు ఇరవైకి చేరిన సంతకాలు

అది జూన్ నెల రెండో మంగళవారం, ఉదయం పది గంటల ముప్పై అయిదు నిమిషాలు. మా కాలనీ మొదట్లో ఉన్న రేషన్ కొట్టు గోడకు ఇద్దరు మనుషులు నోటీసు అంటించి పోయారు. తుపాను తరువాత ప్రభుత్వం మాకు కట్టించిన అరవై రెండు ఇళ్లనూ పడగొట్టి, అదే చోట కింద కాక మూడు అంతస్తులు కడతారట. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో, చివరి రోజు సాయంత్రం అయిదు లోపల, మండల ఆఫీసులో ఇవ్వాలి. ఆ రోజును కలుపుకుని వేళ్ల మీద లెక్కపెట్టాను. నాలుగో మంగళవారం.

కొత్త ఇళ్లు వద్దని నేను అనను. మా స్లాబులు కారుతున్నాయి. నా వంటగదిలో ఇనుప కమ్మీలు బయటపడ్డాయి. బాధంతా ఇంటి ముందు ఇసుక గురించే. పక్కింట్లో ఉండే మా వదిన, నా భర్తకు అక్క, ఆ ఇసుక మీద పాత వల పరిచి చేపలు ఎండబెట్టుకుని బతికే మనిషి. ఆ జాగా పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. నేనే టేపు పెట్టి కొలిచాను.

"మూడో అంతస్తులో యాడ ఎండబెట్టేది మే? మంచం మీదనా?" అంది వదిన, నోటీసు చదివి వినిపిస్తే.

అంగన్‌వాడీలో ముప్పై ఒక్క ఏళ్లు రిజిస్టర్లు రాసినదాన్ని కాబట్టి అర్జీ నాకే అప్పగించారు. ఇళ్లు నేల మీదే వరుసగా కట్టమని, ముందు ఎండబెట్టే జాగా వదలమని ఒక పేజీలో రాశాను. ఇంటికో సంతకం పెట్టించాలని నా మనసులో ఉంది. సముద్రంలో చేపల వేట నిషేధించిన రోజులు కావడంతో అందరూ ఇంటిపట్టునే ఉన్నారు. కానీ మా ఊళ్లో కాపు, అంటే ఊరి పెద్ద, ఒక మాటన్నాడంటే ఊరంతా అన్నట్టే. ఆయన సంతకం పక్కన ఇంకొకరు సంతకం పెడితే ఆయన మాట చాల్లేదన్నట్టు.

"కాపు చెయ్యి పెట్టినాక ఇంకెవురు పెట్టాలక్కా? ఆయన్ని తక్కువ చేస్తావా ఏంది?" అన్నారు ఇరుగుపొరుగు.

నేను కాగితం మడిచాను. శుక్రవారం కాపు సంతకంతో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాం.

గడువు ముగిసే మంగళవారం, అర్జీ ఏమైందో కనుక్కుందామని ఒక్కదాన్నే వెళ్లాను. రెండు గంటల పది నిమిషాలకు ఆఫీసరు, చిన్న వయసు అమ్మాయి, నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి జాబితా తెరిచింది.

"పట్టా ఉన్నవాళ్లు పెడితేనే లెక్క పెద్దమ్మా. ఈయన పేరు మీద ఇల్లు లేదే?"

లేదు. కాపు ఇల్లు ఆయన భార్య పేరు మీద ఉంది. అరవై రెండు పట్టాలూ ఆడవాళ్ల పేర్లతోనే ఇచ్చారు. నా పట్టా నా పెట్టెలోనే ఉంది. ఏటా ఎండలో పెట్టి మళ్లీ లోపల సర్దుతాను. అయినా ఆ సంగతి నాకు తట్టలేదు.

ఇంట్లో ఉన్న అర్జీ నకలు మీద పట్టా ఉన్నవాళ్ల సంతకాలు పెట్టించి తెమ్మని వెంటనే వదినకు ఫోన్ చేశాను. వేట నిషేధం ముగిసింది కాబట్టి అప్పటికే ఆడవాళ్లు చాలామంది చేపల గంపలతో అల్లూరుకీ నెల్లూరుకీ వెళ్లి ఉన్నారు. ఉన్నవాళ్లలో అందరికంటే ముందు వేలిముద్ర వేసింది కాపు భార్యే. "మా ఆయనకు నేను చెప్పుకుంటాలే, నువ్వు పో వదినా" అందట. సంతకాలూ వేలిముద్రలూ కలిపి పందొమ్మిది తీసుకుని వదిన ఆటో ఎక్కింది. దారిలో రొయ్యల లారీ ఒకటి బురదలో దిగబడి రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయింది.

ఆఫీసరు ఇంటికి వెళ్లకుండా మా కోసం కూర్చుంది. వదిన తెచ్చిన కాగితాలు తీసుకుని, గోడ గడియారం వైపు చూడకుండా, కలం పట్టుకుని నన్నే అడిగింది.

"ఎన్ని గంటలకు అందాయని రాయమంటారు పెద్దమ్మా?"

"అయిదు ఇరవై" అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. ఎవరు ఎప్పుడు టైము అడిగినా ఉన్నదే చెప్పిన నోరు. ఆ అమ్మాయి అదే రాసింది.

తిరుగు ఆటోలో వదిన నా చెయ్యి పట్టుకుని చేతి గడియారం వైపు చూసింది. ఆ తరువాత, "నీ గడియారాన్ని సముద్రంలో ఎయ్యాల మే" అంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

గడువు దాటిందని ఆ కాగితాలు తిరిగి వచ్చాయి. ఇప్పుడు నేను కింద, వదిన మూడో అంతస్తులో. చేపలు ఎండబెట్టడానికి మేడ మీది డాబాయే మిగిలింది, నేల నుంచి అక్కడికి డెబ్బై రెండు మెట్లు. పచ్చి చేపల గంప నెత్తిన పెట్టుకుని రెండు నెలలు ఎక్కింది. ఆ తరువాత మోకాళ్లు ఒప్పుకోలేదు.

పోయినవి ఇవి. ఇళ్లు అరవై రెండు, బదులు ఇచ్చారు కాబట్టి అది కొట్టేశాను. లెక్కకు రాని సంతకాలు పందొమ్మిది. నిమిషాలు ఇరవై. వదిన ఇంటి ముందు ఇసుక, రెండు వందల నలభై చదరపు అడుగులు.