బైపీసీలో చేరిన పైలట్

పదో తరగతి పాసయ్యేనాటికి నా దగ్గరున్న రహస్యమల్లా ఒక పాత లాంగ్ నోట్‌బుక్. దాని చివరి పేజీలో విమానం నడపడానికి దారి రాసుకున్నాను. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్. తర్వాత కళ్లూ చెవులూ చూసే డాక్టర్ల పరీక్ష. తర్వాత రాత పరీక్షలు, ఆ తర్వాత ట్రైనింగ్ స్కూలు. అంతా ఫోన్లో వెతికి పట్టుకున్నదే. శంషాబాద్‌లో దిగే విమానాలు ఇబ్రహీంపట్నంలో మా డాబా మీదుగా పోయేవి. మా ఇంట్లో వాటిని తలెత్తి చూసేదాన్ని నేనొక్కదాన్నే.

ఆ పేజీ ఎవరికీ చూపించలేదు. బాపు రావిర్యాల వైపు ఒక ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సు నడుపుతాడు. "తండ్రిది బస్సు, బిడ్డది ఇమానం" అని మా మేనత్త ఒక్కసారి మొదలుపెట్టిందంటే నా పెళ్లి దాకా వదలదు. సీటు చేతికొచ్చాక చెబుదాంలే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా తెలివికి నేనే దండం పెట్టాలనిపిస్తుంది.

మా దగ్గర ఎండాకాలంలో ఇంటర్ కాలేజీల లెక్చరర్లు ఇంటింటికీ తిరుగుతారు. ఎవరి పిల్లలు పది పాసయ్యారో కనుక్కుని వచ్చి, చాయ్ తాగి, మార్కుల మెమో తీసుకుని పోతారు. అడ్మిషన్లు తేవడం కూడా వాళ్ల ఉద్యోగంలో భాగమే, పాపం. నేను బడి నుంచి మెమో తెచ్చి బీరువాలో పెట్టి, కందుకూరులో అమ్మమ్మ దగ్గరికి పోయాను. పది రోజులకు తిరిగొస్తే బాపు మొహం వెలిగిపోతోంది.

"సార్ ఇంటికొచ్చిండు బిడ్డా. నిన్ను బైపీసీల రాసుకున్నడు. మెమో ఇచ్చిన."

బైపీసీ అంటే లెక్కలుండవు. లెక్కలు లేకపోతే పైలట్ ట్రైనింగ్‌కు దరఖాస్తు కూడా పెట్టలేను.

"మార్పిద్దాం బాపూ."

"గట్లెట్ల? మాటిచ్చిన. ఇంటికొచ్చి చాయ్ తాగి పోయిండు సార్."

ఎందుకు మార్పించాలో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాను. అమ్మ ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తెచ్చింది. తాగాను.

రెండేళ్లు బొద్దింక కాళ్లూ రెక్కలూ రికార్డులో గీశాను. రెక్కలతో అప్పటికి నాకున్న సంబంధం అంతే. కోపమంతా ఆ సార్ మీద పెట్టుకున్నాను. ఆయన మాకు బోటనీ చెప్పేవాడు. మంచిగానే చెప్పేవాడు, అందుకు ఇంకా ఒళ్లు మండేది. ఇంటర్ అయిపోయాక కూడా బస్టాండ్‌లో ఎదురైతే ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకునేదాన్ని.

డిగ్రీలో చేరాక తెలిసింది, ఓపెన్ స్కూల్లో ఇంటర్ లెక్కల పేపరొక్కటీ విడిగా రాయొచ్చని. పొద్దున్నే సిటీ వైపు పోయే బస్సులో సీటు దొరికితే లెక్కలు చేసేదాన్ని. దొరకకపోతే కడ్డీ పట్టుకుని నిలబడే కునుకు తీసేదాన్ని. మొదటిసారి తప్పాను. ఏదో గవర్నమెంటు ఉద్యోగానికి చదువుతోంది అనుకున్నారు ఇంట్లో. అనుకోనిచ్చాను. రెండోసారి పాసయ్యాను. ఫోన్లో ఫలితం చూసుకుని, సంతోషం వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. అలసట తప్ప ఏమీ రాలేదు. అందరూ పదిహేడేళ్లకే దాటేసే మెట్టు దగ్గరికి నేను ఇరవై ఒకటికి వచ్చాను.

ఆ ఆదివారం బాపు గడ్డం గీసుకోబోతూ, నేను ప్రింటు తీసి తెచ్చిన మార్కుల కాగితం చూసి అడిగాడు.

"గీ లెక్కలెందుకు రాసినవ్ బిడ్డా?"

నోట్‌బుక్ తెచ్చి చివరి పేజీ తెరిచి చేతిలో పెట్టాను. మొహం మీద నురగ ఎండిపోయేదాకా చదివాడు.

"ఆ దినం సార్ అడిగిండు, బిడ్డకేం ఇష్టమని," అన్నాడు చివరికి. "తండ్రినై ఉండి తెల్వదని ఎట్ల జెప్పాలె? డాక్టర్ అని చెప్పిన. గందుకే బైపీసీ రాసిండు."

"నన్ను అడుగుతే చెప్తుంటి కదా బాపూ."

"అవ్. అడగలే." నోట్‌బుక్ మూసి, "నువ్వు గూడ చెప్పలే," అన్నాడు.

రెండూ నిజమే. సార్ మీద ఐదేళ్లు మోసిన కోపాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. దాన్ని బాపు మీదికి మార్చే ఓపిక నాకు లేదు. నురగ కడుక్కొమ్మని ఆయనకు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాను.

ఆ వారంలోనే బస్టాండ్‌లో సార్ కనిపించాడు. భుజానికి అడ్మిషన్ ఫారాల సంచి, ఎండకు కమిలిన మొహం. ఈసారి నేను ఫోన్ తీయలేదు. దగ్గరికి పోయి నమస్తే పెట్టాను.

"మస్తు దినాలైందమ్మా. నీకు డాక్టర్ కావాలని ఉండె కదా? ఇప్పుడేం జేస్తున్నవ్?"

ఐదేళ్ల కింద బాపు చెప్పిన మాట ఆయనకింకా గుర్తుంది.

"లేదు సార్. నాకు పైలట్ కావాలని ఉండె."

ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. ఆయన నవ్వలేదు. నొచ్చుకున్నట్టు చూశాడు.

"అయ్యో, అప్పుడే చెప్పొద్దా? ఆ యేడు నాకు ఎంపీసీలనే పిల్లలు తక్కువున్నరు. ఒక్క మాటంటే దాంట్లనే రాసుకుంటుంటి."

బస్సు వచ్చింది. సీటు దొరికింది. నోట్‌బుక్ తీసి లెక్కలు అన్న చోట గీత కొట్టాను. ఆ కింద డాక్టర్ల పరీక్ష ఉంది. బస్సు కదిలాక కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. కందుకూరు పోయే ముందు ఆ ఒక్క మాట బాపుతో అని ఉంటే సరిపోయేది.