వెండి పళ్ళెం పట్టే మనిషి

ఫోటోగ్రాఫరుగా బతకాలంటే ఏదో ఒక్కదాన్నే పట్టుకోవాలని నాకు చెప్పింది పవర్‌హౌస్ బజార్లో స్టూడియో నడిపిన పెద్దాయన. నాకు పని నేర్పింది ఆయనే. విజయనగరం వైపు మనిషే గాని, ఈ హిందీ ఊళ్ళో ఉండీ ఉండీ నోరు తెరిస్తే సగం హిందీ. "సబ్ కుఛ్ తీసీవోడు ఆకరికి పాస్‌పోట్ ఫోటోలోడైపోతాడు బాబూ. నువ్వు ఏటి తీస్తావో ముందది తేల్చుకో," అనేవాడు.

తేల్చుకోడానికి నేను చాలా తిరిగాను. మొదట మా ఊరి ఉక్కు ప్లాంటు తీయాలనుకున్నాను. నాన్న అందులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసేవాడు. పనిలో ఉన్నప్పుడు ఆయన ఎలా ఉంటాడో ఇంట్లో మేమెవరమూ చూడలేదు, అందుకని ఆ కోరిక. కానీ గేటు లోపలికి కెమెరా రానివ్వరు. బయట రోడ్డు మీద నిలబడి చిమ్నీల పొగ ఎన్నిసార్లని తీస్తాం? ఆ తరవాత పక్షులన్నాను. నందిని గనుల వైపు నీళ్ళు నిలిచిన గుంటల దగ్గర దోమలతో కుట్టించుకుంటూ కూర్చుని కొంగల్ని తీసి తెచ్చాను. పెద్దాయన వాటిని ఓపిగ్గా చూశాడు. "బాగున్నాయి. కానీ కొంగ ఆల్బం సేయించుకోదు గదా," అన్నాడు.

చివరికి నాకు దారి దొరికింది ఓ పెళ్ళిలో, నేను భోజనానికి వెళ్ళిన పెళ్ళిలో. ఫోటోలు తీస్తున్నవాడు హిందీ కుర్రాడు. మంచి కెమెరా, మంచి చెయ్యి. సంగీత్ అనండి, హల్దీ అనండి, బరాత్ అనండి, కళ్ళు మూసుకుని తీయగలడు. కానీ మా జీలకర్ర-బెల్లం వేళకి తీరిగ్గా బయట టీ తాగుతున్నాడు. అసలు ముహూర్తం అదేనని అతనికెవరు చెప్పారు? తాళి కడితే పెళ్ళి అనుకున్నాడు. తెర దించి వధూవరులు మొహామొహాలు చూసుకున్న ఆ క్షణం ఎవరి కెమెరాలోనూ పడలేదు. పెళ్ళికూతురు తల్లి లబోదిబోమంది.

నాకైతే అదంతా కొత్త కాదుగా! ఏ వేళకి ఏం జరుగుతుందో, తెర ఎవరు పట్టుకుంటారో, హారతికి ముందు ఎవరు నిలబడాలో, చిన్నప్పటి నుంచీ మా ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్ 2లో చూసిన పెళ్ళిళ్ళ వల్ల నాకు అన్నీ కంఠతా వచ్చు. తెలుగు పెళ్ళిళ్ళు, అదే నా స్పెషాలిటీ అని కార్డు అచ్చు వేయించుకున్నాను. చరోదా రైల్వే కాలనీ దాకా నన్నే పిలిచేవారు. "ఈ బాబుకి ఏటీ సెప్పక్కర్లేదు, అన్నీ తెలుసు," అని ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అన్నీ తెలుసంటే ఏమిటో మొదటి ఏడాదే ఒక ఆల్బం వెనక్కి వచ్చినప్పుడు నేర్చుకున్నాను. మంగళసూత్రం కడుతున్న ఫోటో. పెళ్ళికూతురి భుజం పక్కన ఒకావిడ, భర్త పోయిన మేనత్త, కళ్ళనిండా నీళ్ళతో, నోరంతా నవ్వుతో. నాకు ఆ ఆల్బంలో అన్నిటికంటే నచ్చిన ఫోటో అదే. మగపెళ్ళివారి పెద్దమనిషి ఆ పేజీలో ఆవిడ మీద వేలు పెట్టాడు. వేలు అక్కడే ఉంచాడు. నేను ఆ పేజీ మార్చి ఇచ్చాను. మేనత్త ఉన్న పక్కన అరటిబోదె వచ్చింది.

మరి ఆ తరవాత పెళ్ళిళ్ళలో ఏం చెయ్యాలి? "మీరు పక్కకి వెళ్ళండి పిన్నిగారూ" అని నోటితో అనగలమా? నేను అంతటి కసాయినేం కాదని నాకో నమ్మకం ఉండేది. అప్పుడే నా సంచిలో ఉన్న రిఫ్లెక్టర్ అక్కరకొచ్చింది. గుండ్రంగా, వెండిరంగు గుడ్డతో ఉంటుంది. మడిస్తే చిన్న మూకుడంత, విప్పితే పెద్ద పళ్ళెమంత. వెలుతురుని దాని మీద పట్టి పెళ్ళికూతురి మొహం మీదికి తిప్పుతాం. ముహూర్తం దగ్గరపడేసరికి ఏ విధవరాలైనా ముందుకొచ్చి నిలబడితే, నేను దాన్ని విప్పి ఆవిడ చేతిలో పెట్టేవాణ్ణి. "పిన్నిగారూ, దీన్ని కదలకుండా పట్టుకోడం మీవల్లే అవుతుంది. ఇదిగో, ఇటు పక్కన కూర్చుని కాస్త పట్టరూ? అమ్మాయి మొహం వెలిగిపోతుంది." అందరూ పట్టేవారు, సంతోషంగా, బాధ్యతగా. ఫ్రేములోంచి ఒక మనిషి వెళ్ళిపోయినట్టు ఎవరికీ తెలిసేది కాదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

ఈ ఉపాయాన్ని ఇంట్లో అన్నం తింటూ గొప్పగా చెప్పాను. అప్పటికి నాన్న రిటైరై, ప్లాంటువాళ్ళ దగ్గర మేము లీజుకు తీసుకున్న ఆ పాత క్వార్టర్లోనే, గోడవైపు తిరిగి నిదానంగా తింటున్నాడు. అమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వి, మజ్జిగ పోస్తూ, "పాపం, ఆల్లకి సేతులు నొప్పెట్టవేటిరా?" అంది.

"చెయ్యి నొప్పెడితే నయమే కదమ్మా, మనసు నొప్పెట్టలేదు కదా," అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. అమ్మ కూడా "అదీ నిజమే" అంది.

ఆ తరవాత నాన్న పోయాడు. జబ్బుచేసి, ఎక్కువ రోజులు మంచం పట్టకుండా పోయాడు.

ఏడాది తిరిగి ఇంకొంత కాలం గడిచాక పిన్ని కూతురి పెళ్ళి కుదిరింది. పిన్నివాళ్ళు ఉండేది నందిని గనుల కాలనీలో. పిల్ల చదువు కోసం మా క్వార్టర్లోనే పెరిగింది. దానికి జడలు వేసింది, జ్వరం వస్తే పక్కన పడుకుంది, పెద్దమనిషైనప్పుడు చాపమీద కూర్చోబెట్టింది మా అమ్మ. నాకు చెల్లెలన్నా, అమ్మకి కూతురన్నా అదే. దాని పెళ్ళి ఇంకొకడి చేత తీయిస్తానా? నేనే తీస్తానన్నాను.

ముహూర్తం పొద్దెక్కాక పడింది. కమ్యూనిటీ హాలు, ఒక పక్కన వరసగా కిటికీలు. నాతో పనిచేసే ఆయన మగపెళ్ళివారి ఊరేగింపు తీసి అప్పుడే వచ్చి వీడియో దగ్గర నిలబడ్డాడు. తెర పట్టారు. చెల్లి తల వంచుకుని కూర్చుంది. దాని వెనకాలే అమ్మ. నాన్న పోయాక అమ్మ మళ్ళీ కాస్త మంచి చీర కట్టింది ఆ రోజే, లేత గంధంరంగుది. చెల్లి జడలో పూలు జారుతుంటే సర్దుతోంది. పురోహితుడు జీలకర్ర-బెల్లం అందుకున్నాడు.

నేను కెమెరా ఎత్తాను. ఫ్రేము చూశాను. కెమెరా దించాను. సంచిలోంచి రిఫ్లెక్టర్ తీసి విప్పి, "అమ్మా, ఇది పట్టుకుని ఇటు కూర్చోవా? మొహం మీద వెలుతురు చాలట్లేదు," అన్నాను.

చెయ్యి దానంతటదే చేసిన పని. ఎన్నో పెళ్ళిళ్ళలో చేసి చేసి అలవాటుపడిన చెయ్యి. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. అమ్మకి మాత్రం వెంటనే తెలిసింది. ఆ పళ్ళెం ఏమిటో, ఎవరి చేతిలో పెడతానో, ఎందుకు పెడతానో ఆ హాలు మొత్తంలో తెలిసిన మనిషి మా అమ్మ ఒక్కతే. నేనే చెప్పాను, అన్నం తింటూ. నా మొహంలోకి చూసింది. కోపం లేదు. ఏదో మరిచిపోయిన సంగతి ఎవరో గుర్తుచేస్తే చూసినట్టు చూసింది. పూల మీద నుంచి చెయ్యి తీసేసి, పళ్ళెం అందుకుని, కిటికీ పక్కన కూర్చుంది.

నేను "వద్దులే అమ్మా, అక్కడే ఉండు" అని ఉండొచ్చు. అనలేదు. బాజాలు మోగాయి, తెర దిగింది, నేను ఫోటోలు తీశాను. జీలకర్ర-బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అన్నీ అయ్యేదాకా అమ్మ దాన్ని దించలేదు. మధ్యలో ఎవరో "నానట్టుకుంటాను, ఇటియ్యి" అంటే వద్దంది.

ఆ రోజు నిజంగా వెలుతురు చాలలేదేమోనని నన్ను నేను నమ్మించుకోడానికి చాలా ప్రయత్నించాను. రిఫ్లెక్టర్ ఇవ్వకముందు, తెర పట్టినప్పుడే తీసిన ఫోటో ఒకటుంది. కంప్యూటర్లో పెట్టి చూశాను. చెల్లి మొహం చక్కగా కనిపిస్తోంది. వెనకాల అమ్మ, పూలు సర్దుతూ. వెలుతురు చాలినంత ఉంది. చాలినంత కంటే ఎక్కువే ఉంది.

పెళ్ళి మర్నాడు అమ్మ మోచేతికి అమృతాంజనం రాసుకుంటూ, "బాగా పట్టేనా?" అని అడిగింది.

"బాగా పట్టావమ్మా," అన్నాను.

ఆల్బం వెళ్ళాక చెల్లి ఫోన్ చేసింది. "అన్నయ్యా, అన్నీ మస్త్ వచ్చాయి. లేకిన్ పెద్దమ్మ ఏదీ? ఏక్ భీ ఫోటోలో లేదు?" నేను తేలుకుట్టిన దొంగలా, వెతుకుతాను, ఎక్కడో ఉంటాయిలే అన్నాను. ఆ ఒక్క ఫోటో పంపొచ్చు. పంపితే, మిగతా వాటిలో ఎందుకు లేదని అడుగుతుంది.

ఒక రోజు తెగించి అమ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడ చిక్కుళ్ళు తుంచుతోంది. ఆ రోజు నేను కావాలని చెయ్యలేదమ్మా, అలవాటులో జరిగిపోయింది, అన్నాను. నాన్న పోయిన దగ్గర నుంచి నిన్ను అలా చూస్తున్నానని అనుకోకు, అన్నాను. అమ్మ తుంచుతూనే ఉంది.

"నానేటనుకున్నాన్రా? నువ్వనకపోతే ఇంకొకలు అనీవోరు. అందరి ముందూ అనీవోరు. నువ్వయితే సేతికో పనిచ్చి పంపినావు," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. నన్ను మెచ్చుకుంది మా అమ్మ. అదే నన్ను ఇవాళ్టికీ తినేస్తోంది.

అక్కడితో అయినా బాగుండేది. ఆ తరవాత ఇంట్లో ఏ చిన్న వేడుక జరిగినా, పక్క క్వార్టర్ వాళ్ళ పిల్లాడి పుట్టినరోజైనా సరే, నేను కెమెరా బయటికి తీస్తే చాలు, అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి "ఏదీ, ఆ ఎండి పళ్ళెం ఇటియ్యి," అనేది. అక్కర్లేదమ్మా అంటే, "ఉంటే మంచిదే గదా" అని పక్కన పీట వేసుకునేది. ఒక గదిలో మనుషులంతా ఒకవైపు నిలబడితే, మా అమ్మ స్థలం ఇంకోవైపు. ఆ స్థలం ఆవిడకి చూపించింది నేను.

ఆ సీజన్‌కి ఒప్పుకున్న పెళ్ళిళ్ళు పూర్తిచేసి, కొత్తవి ఒప్పుకోడం మానేశాను. దీన్నేదో త్యాగమనుకునేరు, కాదు. ముహూర్తం వేళకి ఏ పెద్దావిడ ముందుకొచ్చినా నా చెయ్యి సంచి వైపే పోతోంది. దాన్ని ఆపుకుంటూ నిలబడితే ఆ క్షణం కాస్తా దాటిపోతోంది. పనికిరాని ఫోటోగ్రాఫర్నయ్యాను, అంతే. స్టూడియో పెద్దాయన విని నవ్వాడు. "సేతిలో ఉన్నదొదిలీసి ఇప్పుడేటి తీస్తావు మరి?" అన్నాడు. తెలీదన్నాను. కొత్త కార్డు మీద నా పేరు, ఫోటోగ్రాఫర్ అన్న మాట తప్ప ఇంకేమీ వేయించలేదు. స్కూలు గ్రూపు ఫోటోలు తీస్తున్నాను, దుకాణాల్లో కుక్కర్లు తీస్తున్నాను, రిటైరై దండలతో ఇంటికొచ్చే పెద్దవాళ్ళని తీస్తున్నాను. పాస్‌పోర్టులు కూడా. ఆయన చెప్పినట్టే అయ్యాను.

మొన్న చెల్లి పసిపిల్లతో వచ్చింది. ఉయ్యాల వేడుక మా క్వార్టర్లోనే చేయాలని పట్టుబట్టింది. ముందుగదిలో ఉయ్యాల కట్టారు, పూలు చుట్టారు. పిన్నీ చుట్టుపక్కల ముత్తైదువలూ పాటలందుకున్నారు. నేను కెమెరా తీశానో లేదో అమ్మ పీటతో సహా గోడ దగ్గరికి వెళ్ళిపోయింది. పళ్ళెం చేతిలో ఉంది. సంచిలోంచి తనే తీసుకున్నట్టుంది.

చెల్లి పిల్లని ఎత్తుకుని ఆవిడ ముందుకొచ్చింది. "పెద్దమ్మా, ఇక్కడేం చేస్తున్నావ్? చలో, నీ ఒళ్ళో పెడతాను, ఫోటో కావాలి నాకు."

"నానెందుకే ఇప్పుడు? మీ అమ్మ ఒల్లో ఎట్టు. నాను ఇది పట్టాల గదా," అంది అమ్మ.

చెల్లికి ఏమీ తెలియదు. తెలియకపోవడం వల్లే ఆ పని చేయగలిగింది. అమ్మ చేతిలోంచి పళ్ళెం లాగి నా చేతిలో పెట్టింది. "అన్నయ్య పట్టుకుంటాడు. వాడికేం, బలంగానే ఉన్నాడు." నా మెడలోంచి కెమెరా తీయబోయి, అది బరువని వదిలేసి, తన ఫోను పిన్నికిచ్చింది. అమ్మని ఉయ్యాల పక్కన కుర్చీలో కూర్చోబెట్టి పిల్లని ఒళ్ళో పెట్టింది. పాటలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

నేను గోడ పక్కన పీట మీద కూర్చుని పళ్ళెం ఎత్తాను. ఇన్నేళ్ళలో అక్కడ నేను కూర్చోవడం అదే మొదలు. కాసేపటికే భుజం లాగడం మొదలైంది. పిన్నికి ఫోనులో ఏది నొక్కాలో తెలియక తడుముకుంటోంది. నేను పళ్ళేన్ని కొద్దికొద్దిగా తిప్పి, వెలుతురు అమ్మ మొహం మీద పడేలా పట్టాను. గడ్డం, చెంపలు, ఖాళీ నుదురు, అన్నీ తెల్లగా వెలిగాయి.

అమ్మ కళ్ళు చికిలించి నా వైపు చూసింది.

"నా మీద కాదురా," అంది, "పిల్ల మీద ఎయ్యి."

నేను తిప్పలేదు.