ముందుగదిలో కారు సీటు

ఆ ఏడాది ఫిబ్రవరి పంతొమ్మిదో తేదీ, బుధవారం. తెల్లవారినప్పటి నుంచి సన్నటి తుంపర. గొడుగు వేస్తే అతిగా ఉంటుంది, వేయకపోతే చొక్కా తడుస్తుంది. అటువంటి పూట ఎదురింటాయన వీధి దాటి మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఒక కాగితం. దాన్ని రెండు అరచేతుల మధ్య నిలువుగా, అంచులు మాత్రమే తగిలేలా పట్టుకున్నాడు. ఆయన ఏ వస్తువునైనా అలాగే పట్టుకునేవాడు. అద్దాలు కోయడం, కోసినవాటిని ఇళ్ళకు చేర్చి బిగించడం ఆయన వృత్తి.

"మాస్టారూ, ఒక్కసారి ఇది చదివి పెడతారా?"

"మీకు చదువొచ్చుగా?"

"చదివానండి. చదివింది నిజమేనా అని."

చదివిన తరువాత నాకూ నమ్మబుద్ధి కాలేదు. ఊరి బయటి పెద్ద రోడ్డు మీద అతివేగంగా పోయినందుకు ఆయనకు జరిమానా పడింది.

ఇందులోని విడ్డూరం అర్థం కావాలంటే వీధిలో ఆయనకున్న పేరు తెలియాలి. వెనకాల అందరూ ‘నిదానం’ అనేవాళ్ళు, ఎదుట ‘నిదానంగారు’ అనేవాళ్ళు. బండి వెనక నిలువుటద్దం ఉన్నప్పుడు గుంతను చూసి ఆగి, ఆలోచించి, దానికి నచ్చజెప్పి దాటించినట్టుగా దాటించేవాడు. అంతవరకు న్యాయమే. అయితే ఏళ్ళ తరబడి ఆ అలవాటు కాలికి అంటుకుని, ఖాళీ బండినీ అలాగే తోలేవాడు. "ఎక్కండి మాస్టారూ, బజారు దగ్గర దింపుతాను" అని ఆయన అడిగినప్పుడల్లా నేను, "వద్దులేండి, తొందర పని" అని నడిచి వెళ్ళేవాణ్ణి. అందుకు ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు.

ఇక ఆ కాగితంలోని భాష సంగతి. ‘వాహనము అతివేగముగా నడపబడినట్లు గమనింపబడినది’ అని రాశారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ ‘బడు’ను పిల్లల చేత మాన్పించడానికే నా గొంతు అరిగిపోయింది. అటువంటి వాక్యంలో నడిపినవాడూ ఉండడు, చూసినవాడూ ఉండడు, తప్పు మాత్రం ఉంటుంది. నా పాత విద్యార్థులే ఇప్పుడు ఆ ఆఫీసులో ఉన్నారేమోనన్న దిగులు ఒక్క క్షణం కలిగింది. వాక్యాన్ని మనసులోనే దిద్దుకుని ముందుకు సాగాను.

కింద ఒక ఫోటో అచ్చు వేశారు. చిన్న తెల్ల వ్యాను. లోపల ఆయన, పక్కన ఆయన భార్య. ఆమె నోరు బార్లా తెరిచి ఉంది.

"పాపం, భయంతో అరుస్తున్నట్టుంది."

"అరవడం కాదండీ, నవ్వడం." ఆయన తల వంచుకున్నాడు. "నాట్యం నేర్పే బడిలో గోడంత అద్దం బిగించి వస్తున్నాం. బండి ఖాళీ. వెనకాల సైకిలువాడు గంట కొడుతున్నాడని ఈవిడ ఒకటే ఎగతాళి. సరే చూడు అని కాలు కాస్త నొక్కాను. ఇంకా, ఇంకా అంది."

"ఎంత పోయిందేమిటి?"

"డెబ్భై ఒకటి." గర్వాన్ని దాచుకోబోయాడు కానీ దాగలేదు.

మధ్యాహ్నానికి ఈ సంగతి వీధంతా పాకింది. మూల మీది టైలరు మెడలో టేపుతోనే వచ్చి ఫోటోను ఎగాదిగా చూశాడు. "నిదానంగారికి అతివేగమా? ఈ ముందు తాడేమైనా ఉందా చూడండి మాస్టారూ, ఎవరో కట్టి లాక్కెళ్తుంటారు!"

నవ్వులు బాగానే ఉన్నాయి కానీ అసలు చిక్కు వేరే ఉంది. తప్పు చేసినప్పుడల్లా లైసెన్సు మీద ఒక గుర్తు వేస్తారు. మా వీధిలో దాన్ని మచ్చ అనేవాళ్ళం. మూడు మచ్చలు పడితే ఏడాది పాటు లైసెన్సు తీసుకుంటారు. ఆయనకు అప్పటికే రెండున్నాయి. రెండూ అదే రోడ్డు మీద మరీ నెమ్మదిగా పోయి వెనకవాళ్ళ దారికి అడ్డం పడినందుకు వచ్చినవే. ఇప్పుడీ మూడోది నిలిస్తే ఏడాది బండి తోలకూడదు. నిలువుటద్దాన్ని నెత్తిన పెట్టుకుని తిరగలేడు కదా. దుకాణం మూసుకోవాల్సిందే.

"అప్పుడేమో నెమ్మదన్నారు, ఇప్పుడేమో వేగమన్నారు. వీళ్ళకు నచ్చేలా తోలాలంటే ఎలాగండీ?" అన్నాడు.

కాగితాన్ని మళ్ళీ చదివితే ఒక సందు కనిపించింది. ఆ రోడ్డు మీద కార్లు ఎనభై దాకా పోవచ్చు. సరకు బండ్లు అరవై దాటకూడదు. నోటీసులో ఆయన వ్యానును ‘చిన్న సరకు బండి’ అన్నారు. ఆయన దగ్గరున్న రిజిస్ట్రేషన్ కార్డులోనేమో ‘ప్రయాణికుల వాహనం, ఐదు సీట్లు’ అని ఉంది. అది కారే అయితే తప్పే లేదు.

తరగతిలో నామవాచకాలను విభజించే రోజుల్లో, దేన్ని ఏ వర్గంలో పెట్టాలో పిల్లలతో గంటల కొద్దీ వాదించేవాణ్ణి. ‘దయ్యం ఏ వర్గమండీ?’ అని ఒకడు అడిగితే, ఆ వాదం గంట కొట్టినా ఆగలేదు. ఇప్పుడెవరూ నన్ను అటువంటివి అడగడం లేదు. అందువల్ల కాబోలు, విన్నపం రాయడానికి ఉత్సాహంగా కూర్చుని, విచారణ కోరుతూ రెండు పేజీలు నింపాను. జవాబుగా తేదీ వచ్చింది, దాంతో పాటు ఒక షరతూ వచ్చింది. బండిని తీసుకురావాలి. డ్రైవరు వెనక సీటు ఉందో లేదో చూస్తారు.

ఆ మాట వినగానే ఆయన ముఖం పాలిపోయింది.

సీటు ఉంది. అయితే బండిలో లేదు, వాళ్ళ ముందుగదిలో ఉంది. బండి కొన్న కొత్తలోనే అద్దాలు నిలబెట్టే చెక్క చట్రం కోసం ఆ సీటును విప్పేశాడు. పారేయబోతుంటే భార్య అడ్డుపడి, దానికి కింద నాలుగు కాళ్ళు కొట్టించి, కిటికీ తెరలకు జోడీగా నీలిపూల గుడ్డతో కవరు కుట్టింది. ఆ ఇంట్లో అంతకన్నా సుఖమైన ఆసనం లేదు. నేను ఎన్నోసార్లు కూర్చున్నాను. ప్రయాణం కోసం తయారైన సీటు కనుక కాస్త వెనక్కి వాలి ఉంటుంది. కాసేపు కూర్చుంటే గోడలూ గడియారమూ వెనక్కి జరుగుతున్నట్టే అనిపిస్తుంది. బెల్టు కూడా అలాగే ఉండేది. చంటిపిల్లలతో వచ్చినవాళ్ళు పిల్లను అందులో కట్టేసి నిశ్చింతగా కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

"నా సోఫా ఇవ్వను" అంది ఆవిడ.

"అది సోఫా కాదోయ్, బండి సీటు."

"బండి దానికి ఏం చేసిందండీ? గుడ్డ కుట్టిందా, దుమ్ము దులిపిందా? వచ్చినవాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టను, మీ నెత్తి మీదా?"

"ఒక్క పూటే. లేకపోతే ఏడాది పాటు నేనే ఇంట్లో కూర్చుంటాను. రోజంతా."

ఆమె ఆలోచనలో పడింది. భర్త రోజంతా ఇంట్లో ఉండటమన్న ఊహ బలంగానే పనిచేసినట్టుంది. "సరే. కవరు మాత్రం తీయకూడదు. అన్నయ్యగారూ, మీరే సాక్షి."

విచారణకు ముందురోజు సాయంత్రం చట్రాన్ని దించి, కాళ్ళు ఊడదీసి సీటును బిగించాం. నేను మరలు అందించాను. చివరి మర తిప్పుతూ ఆయన చేయి ఆపాడు.

"మాస్టారూ, ఆ రోజు సీటు బండిలో ఉందా అని అడిగితే?"

"ఏం చెబుతారు?"

"లేదనే చెబుతాను. అడక్కపోతే?"

నేను మరల డబ్బా మూత గట్టిగా బిగించాను. అంతకన్నా చేయగలిగింది కనిపించలేదు.

మరునాడు ఆఫీసుకు ముగ్గురం వెళ్ళాం. ఆయన తోలాడు కనుక గంట ముందే బయలుదేరాం, సమయానికి చేరాం. విచారణ గదిలో ఒక బల్ల, దారంతో దానికి కట్టేసిన ఒక కలం, మెడలో గొలుసుకు కళ్ళజోడు వేలాడుతున్న అధికారిణి ఉన్నారు. నా రెండు పేజీల విన్నపాన్ని ఆమె తీశారు. మొదటి వాక్యం చదివారు. రెండో వాక్యం పొడవు చూసి, కాగితాన్ని బోర్లించారు.

"పదండి, బండి చూద్దాం."

ఆవరణలో వ్యాను తలుపు జరిపి ఆమె లోపలికి వంగి చూశారు. పక్క కిటికీలు చూశారు, మరలు చూశారు. తరువాత అలసట వల్లనో ఏమో సీటు మీద కూర్చుని వెనక్కి వాలారు. ముఖంలోని కాఠిన్యం కొంచెం సడలింది.

"ఎంత బాగుందో! ఈ కుట్టు ఎవరిది?"

నిదానంగారు భార్య వైపు గబుక్కున తిరిగాడు. ఆయన జన్మలో అంత వేగంగా తిరిగి ఉండడు, అయినా అందుకోలేకపోయాడు.

"నాదేనండీ!" అంది ఆవిడ. తొమ్మిదేళ్ళుగా ఆ కవరును అంత ఇదిగా మెచ్చుకున్నవాళ్ళు లేరు. "మా ముందుగది కిటికీ తెరలూ ఇవే పూలు. గది మొత్తానికి అందం ఈ సీటుదే. తొమ్మిదేళ్ళయినా చూడండి, రంగు వెలిసిందా? ఎండ తగలని మూల వేశాను మరి!"

మాటలు నోరు దాటాక వాటి అర్థం ఆమెకు తట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముందుగదిలోనా?" అని అధికారిణి మెల్లగా అడిగారు.

నిదానంగారు ముందుకు వచ్చి నిలబడ్డాడు. "అవునండీ. నిన్న సాయంత్రం బిగించాం. ఆ రోజు ఇది ఇంట్లోనే ఉంది. బండిలో అద్దాల చట్రం ఉంది."

"తొమ్మిదేళ్ళుగా?"

"అంతేనండీ. ఒక్క రోజు కూడా కదల్లేదు" అంది ఆవిడ బిక్కచచ్చి. ఎలాగూ మునిగాం కనుక లెక్క సరిగ్గా ఉండాలనుకుంది కాబోలు.

లోపలికి వెళ్ళాం. అధికారిణి చాలాసేపు ఫైలు తిరగేశారు. నిదానంగారు రెండు అరచేతులూ ఎదురెదురుగా ఉంచుకుని, మధ్యలో అద్దమేదో ఉన్నట్టే కూర్చున్నాడు.

"సీటు తీసేసి, చట్రం పెట్టి, తొమ్మిదేళ్ళుగా అద్దాలు మోస్తున్న బండి సరకు బండే. ఈ జరిమానా నిలుస్తుంది" అన్నారామె. నా పక్కన చిన్న నిట్టూర్పు వినిపించింది. "కానీ ఇదేమిటి? ముందు వేసిన ఈ రెండూ నెమ్మదిగా పోయినందుకా?" ఆమె కళ్ళజోడు తీసి ఆయన్ని చూశారు, మళ్ళీ పెట్టుకుని కాగితం చూశారు. పెదవులు బిగబట్టినా నవ్వు ఆగలేదు. "నెమ్మదిగా పోకూడదన్న నియమం కార్లకే. బరువు మోసేవాటికి వర్తించదు. ఈ రెండుసార్లూ మావాళ్ళు మీ బండిని కారు అని రాశారు. తొమ్మిదేళ్ళుగా కారు కాకపోతే ఈ రెండూ చెల్లవు."

"అంటే?"

"అంటే ఆ రెండు మచ్చలూ కొట్టేస్తున్నాను. అతివేగానిది ఒక్కటే ఉంటుంది. లైసెన్సు మీ దగ్గరే ఉంచుకోండి. కార్డులో సరకు బండి అని మార్పించుకోండి."

‘మచ్చ’ అన్న మా వీధి మాటను ఆమె కూడా వాడటం నాకు ఎంతో ఇంపుగా తోచింది.

నిదానంగారికి విషయం నిదానంగానే ఎక్కింది. ఎక్కాక ముఖం వెలిగింది. "అతివేగానిది అలాగే ఉంచుతారుగా? అది కొట్టేయరుగా?"

"కొట్టేయడానికి వీల్లేదు."

"వద్దండీ, ఉండనివ్వండి!"

భార్య మాత్రం అసలు విషయం మరిచిపోలేదు. "మరి సీటు ఇంటికి తీసుకెళ్ళొచ్చాండీ?"

"తీసుకెళ్ళాల్సిందే" అన్నారు అధికారిణి. "ఇంత మంచి సీటు సరకు బండిలో ఉండకూడదు."

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడా నేనూ ఆ నీలిపూల సీటు మీదే కూర్చున్నాం. దారి పొడవునా ఆమె భర్తను దెప్పింది. "నోరు జారానని నన్ను ఎంత చూపు చూశారు! నేను నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదంట?" ఆయన అరవై లోపునే, చాలా లోపునే తోలాడు. వెనకాల ఎవరో హారన్ కొట్టారు. ఈసారి ముగ్గురం నవ్వాం.

కొన్నేళ్ళకు వాళ్ళు దుకాణం ఎత్తేసి కూతురు ఉండే ఊరికి వెళ్ళిపోయారు. ఎదురిల్లు ఇప్పుడు వేరేవాళ్ళది. కిటికీకి నీలిపూల తెరలు లేవు. మొన్న ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. అక్షర దోషాలు నాలుగున్నాయి. వాటిని నేను దిద్దలేదు, ఇక్కడ ఎత్తిరాసేటప్పుడు మాత్రం చేయి ఆగలేదు.

‘మాస్టారికి నమస్కారాలు. నా కళ్ళు మసకబారాయి. లైసెన్సు నేనే వెళ్ళి ఇచ్చేశాను. తీసుకున్న గుమాస్తా కంప్యూటరులో చూసి, "ఇన్నేళ్ళలో ఒకటే తప్పు, అదీ అతివేగమా పెద్దాయనా?" అన్నాడు. మీ చెల్లెలు పక్కనే ఉంది. సరిగా వినపడలేదని చెప్పి ఇంకోసారి చదివించాను. బండి అమ్మేశాం. కొన్నాయన ముగ్గురు పిల్లలవాడు, సీటు కూడా కావాలని బతిమాలాడు. మీ చెల్లెలు ససేమిరా అంది. అమ్మాయి కొత్త సోఫా కొంది కానీ దాని మీద కూర్చుంటే ఎక్కడికీ వెళ్తున్నట్టుండదు. సాయంత్రాలు ఇద్దరం పాత సీటు మీదే కూర్చుంటాం. కవరు మూడోసారి మార్చింది, పూలు మాత్రం అవే. కాసేపటికి బెల్టు పెట్టుకుని, ఎదుటి గోడ వైపు చూస్తూ, "ఏమండీ, కాస్త పోనివ్వండి" అంటుంది. నేను కాలు నొక్కుతాను.’