ఎడమ పెట్టె

వనపర్తిలో రేడియోలు బాగుచేసే కురుమూర్తి పొద్దున్నే దుకాణం తెరవగానే, అల్మారాలోని రెండు చిన్న పాత స్పీకర్లను పంచె కొంగుతో తుడుస్తాడు. టేకు పెట్టెలు, వెనక కంపెనీ పేరు లేదు. లోపల మాత్రం ఎవరో తెలియని లిపిలో పెన్సిలుతో సంతకం చేశారు. ఏ దేశానివని అడిగితే, "తెల్వదు. చేసినోడు పేరు కోసం చెయ్యలే, చెవి కోసం చేసిండు," అంటాడు. పాటలో గాయని ఊపిరి తీసుకునే చప్పుడు కూడా వాటిలో వినబడుతుందని మురిసిపోతాడు.

వారం నుంచి ఎడమ పెట్టె పలకడం లేదు. మూడుసార్లు విప్పాడు, తీగలన్నిటికీ మళ్లీ టంకం పెట్టాడు. మధ్యాహ్నం రెండు పెట్టెల్లో పాట పెట్టి, వాటికెదురుగా స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. అన్నం తెచ్చిన భార్య హన్మమ్మ గుమ్మంలోనే ఆగి, "రెండూ మంచిగనే పాడుతున్నయ్ కద, ఏంది గట్ల పరేషాన్ అయితున్నవ్?" అంది. కురుమూర్తి పాట ఆపకుండానే స్టూలు మీద మెల్లగా తిరిగి, పెట్టెలకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు కుడి చెవి వైపుకు వచ్చిన ఎడమ పెట్టె హాయిగా పాడుతోంది. కుడిది మూగబోయింది. ఎడమ చెవిని అరచేత్తో చాలాసేపు రుద్దుకున్నాడు. తర్వాత లేచి, కుడి పెట్టెను ఒళ్లోకి తీసుకుని స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"గిది గూడ ఖరాబైంది," అన్నాడు, హన్మమ్మ ముఖం చూడకుండా.