జాన్ ప్రసాద్ హుషారు సూదులు

మా కాలనీలో జాన్ ప్రసాద్ అంత మగాడు లేడు. ఈ మాట అతనే చెప్పాడు కాబట్టి నమ్మాల్సిందే. గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగి, గని లోపల బొగ్గెత్తే మిషన్ నడుపుతాడు. నలభై ఒక్క ఏళ్లు. భార్య గ్లోరియా ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. పెళ్లయి ఏడేళ్లయినా పిల్లలు లేరు. పరీక్షలన్నీ గ్లోరియాకే చేయించారు. ఆమెలో ఏ లోపమూ లేదని ముగ్గురు డాక్టర్లు రాసిచ్చారు. నీకూ పరీక్ష చేయాలయ్యా అన్నప్పుడల్లా మావాడికి డ్యూటీ అడ్డొచ్చేది.

పోయిన ఏడాది అతనికి నీరసం పట్టుకుంది. షిఫ్టు దిగి వస్తే మంచమే గతి. పడకగదిలోనూ అలసటేనని, వరసకు కాకనని నాతో చెప్పుకున్నాడు. కంపెనీ దవాఖానకు పోతే బాయంతా తెలుస్తుందని మంచిర్యాల పోయాడు. అక్కడి డాక్టరు రెండుసార్లు పొద్దున్నే రక్తం తీయించి, మగ హార్మోను తక్కువుందని తేల్చాడు.

ఆ గదిలో ఒకేసారి ముగ్గురు రోగులను కూర్చోబెడతారు. "పిల్లలెంతమంది? ఇంకా కావాలా?" అని డాక్టరు అడిగాడు. పక్క స్టూళ్ల మీద జైపూర్ రైతొకడు, నస్పూర్ ముసలాయనొకడు. జన్మలో మళ్లీ కనపడని ఆ ఇద్దరి ముందు పరువు పోతుందని మావాడు ఛాతీ విరిచి, "ఇద్దరు సార్. ఇగ చాలు, ఆపరేషన్ గూడ అయింది" అన్నాడు.

డాక్టరు మూడు వారాలకో సూది రాశాడు. మొటిమలు రావచ్చు, కాళ్లు వాచవచ్చు, గురక పెరగవచ్చు, రక్తం చిక్కబడవచ్చు, మూడు నెలలకు మళ్లీ రక్తపరీక్ష తప్పనిసరి అన్నాడు. సంతానం సంగతి ఎత్తలేదు. ఇద్దరున్నారు, ఆపరేషన్ అయింది, ఇంకెందుకెత్తుతాడు?

సూదులు పడ్డాక హుషారు వచ్చిన మాట నిజం. మొటిమలూ వచ్చాయి, ఇంటర్ పిల్లాడికి వచ్చినట్టు. "వయసు ఎనుకకు పోతున్నది కాకా" అని మురిసిపోయాడు. అతని గురకకు గోడవతల మెహరాజ్ బేగానికి నిద్ర కరువైంది. పప్పులో ఉప్పు తగ్గితే గిన్నె గోడకు తగిలేది. ఇవన్నీ మందు పనిచేస్తున్నదనడానికి రుజువులని మావాడి లెక్క. రక్తపరీక్షకు మాత్రం పోలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. మా బాయిల్లో ఆదివారం డ్యూటీని ప్లేడే అంటారు, ఒక్క రోజు పనికి రెండు మస్టర్లు, అంటే రెండు రోజుల కూలి పడుతుంది. "ఐతారం దిగితే డబుల్ పడ్తది గద కాకా, సూది గూడ గంతే" అని ప్రతి ఆదివారం వీధి చివరి ఆర్ఎంపీతో అదనంగా ఒకటి పొడిపించుకున్నాడు. జల్ది కొడుకు పుట్టాలని! ఆ హుషారు చూసి తల్లి సువార్తమ్మ కోడలి మీద మరింత రెచ్చిపోయింది. "నా కొడుకు ఎద్దోలె ఉన్నడు. లోపం ఎవలదో కనబడ్తలేదా?"

ఐదో నెలలో మొహం కందిపోయి, తలనొప్పితో బాయిలో కళ్లు తిరిగి పడ్డాడు. గ్లోరియానే మంచిర్యాల తీసుకుపోయింది. రక్తం బాగా చిక్కబడిందని, గడ్డ కడితే ప్రాణమే పోయేదని డాక్టరు తిట్టి సూదులు ఆపించాడు.

"పిల్లల కోసం చూస్తున్నం సార్. ఈ సూదులు దానికేమన్న అడ్డమా?" అని గ్లోరియా అడిగింది.

డాక్టరు పాత చీటీ చూశాడు. "ఇద్దరున్నారని రాసుంది కదమ్మా?"

గ్లోరియా మొగుడి వైపు తిరిగింది. మొగుడు ఫ్యాను వైపు చూశాడు. ఏళ్లుగా తప్పించుకున్న పరీక్ష ఆ రోజు చేయించుకోక తప్పలేదు. వీర్యకణాలు సున్నా. బయటి నుంచి హార్మోను పోస్తే లోపల వాటి తయారీ ఆగిపోతుందట. మళ్లీ మొదలవడానికి ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు. మునుపు ఎన్నుండేవో తెలియదు కాబట్టి మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు. గ్లోరియాకు అప్పటికి ముప్పై ఏడు నిండాయి.

ఆ శుక్రవారం సాయంత్రం వాళ్లింట్లోనే ప్రార్థన. మనవులు రాసి చదివేది నేను. సువార్తమ్మ చెప్పినట్టు "గ్లోరియాకు గర్భఫలం కొరకు" అని ఏళ్లుగా రాస్తున్నాను. ఆ రోజూ రాసి చదవబోతుంటే గ్లోరియా లేచి నిలబడింది.

"కాకా, నా పేరు కొట్టెయ్యి. నాకేం రోగం లేదు. ఆయన పేరు రాయి."

"నోర్ముయ్యి" అని అరిచింది సువార్తమ్మ. అందరం జాన్ ప్రసాద్ వైపు చూశాం. అతను చాప మీది నుంచి తలెత్తలేదు.

"రాయి కాకా" అన్నాడు.

నాకు సిగ్గేసింది. అన్నేళ్లలో ఆ పిల్లను ఒక్కమాట అడగకుండా రాశాను. ఆమె పేరు కొట్టేసి అతని పేరు రాశాను. "సంతానం కొరకనే రాయాల్నా బిడ్డా?" అని ఈసారి అడిగాను.

"వద్దు కాకా" అంది గ్లోరియా. "ముందుగాల నిజం చెప్పే ధైర్యం కొరకు రాయి."

అదే రాసి, అందరికీ వినపడేలా చదివాను.