ముప్పయ్యో పేరు తర్వాత

గుమాస్తా ఇరవై తొమ్మిదో పేరు చదివాడు. ఒక్క క్షణం ఆగి ముప్పయ్యోది కూడా చదివాడు. రెండింటికీ మా క్లబ్బు సెక్రటరీ గారు "జీ" అన్నారు. గుమాస్తా జాబితా మీద ముద్ర కొట్టి తర్వాతి క్లబ్బు కాగితాల కోసం చెయ్యి చాపాడు.

నా పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డ మా గోల్‌కీపర్ కదల్లేదు.

"అన్నా, ఎనక పేజీ ఉంటది. చూడమను," అన్నాడు మెల్లగా.

చూడమన్నాను. గుమాస్తా విసుక్కోకుండా కాగితం తిప్పి, ఖాళీగా ఉన్న వెనకవైపు మా ఇద్దరికీ చూపించాడు. "తీస్ హీ హోతే హైఁ, భాయీసాబ్," అన్నాడు. ముప్పై మందే కదా ఉండేది అని. గోడ గడియారంలో అప్పుడు నాలుగున్నర. అయిదింటికి రిజిస్టరు మూస్తారు. ఆలోపు ఏదో ఒక క్లబ్బు జాబితాలోకి ఎక్కకపోతే అతనికి ఆ ఏడాది ఆట లేదు. ఆట ఒక్కటే పోతుందని ఆ గదిలో చాలామంది అనుకుని ఉంటారు. చేతికి రాబోతున్న ఉద్యోగం కూడా పోతుందని అతనికీ నాకూ మాత్రమే తెలుసు.

అవి ఢిల్లీలో మెట్రో మొదటి లైన్లు తెరుచుకుంటున్న ఏళ్ళు. నేను ఒక ఇంగ్లీషు దినపత్రికలో స్పోర్ట్స్ డెస్కు మీద ఉండేవాణ్ణి. నా భార్య కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆర్.కె. పురంలో ఆవిడ పేరు మీద వచ్చిన క్వార్టర్లో ఉండేవాళ్ళం. ఆ సెక్టార్లలోని తెలుగు ఉద్యోగులు ఎప్పుడో మొదలుపెట్టిన ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి నగర లీగులో, రెండో డివిజన్‌లో ఆడేది.

లీగు మార్చిలో ముగిసేది. వానలు పడ్డాక మళ్ళీ మొదలు. మధ్యలో, జూన్ ఎండల్లో, పది రోజులపాటు ఆటగాళ్ళు క్లబ్బులు మారవచ్చు. లీగు నడిపే ఫుట్‌బాల్ సంఘం ఆఫీసంటే స్టేడియం మెట్ల కింద రెండు గదులు. ఆ పది రోజులూ అక్కడ ఎవరూ కుదురుగా కూర్చునేవారు కాదు. మేనేజర్లు ఫోన్లు చెవికి ఆనించుకుని వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉండేవారు. కూలర్లో నీళ్ళు అయిపోయినా పోసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. మారాలనుకున్న ఆటగాడికి పాత క్లబ్బు విడుదల కాగితం ఇవ్వాలి, కొత్త క్లబ్బు తన ముప్పై మందిలో అతన్ని రాసుకోవాలి. మొదటిది జరిగి రెండోది జరగకపోతే అతను ఎవరికీ చెందడు.

ఆట ఉన్న రోజుల్లో స్థానిక ఫుట్‌బాల్‌కి మా పేజీలో రెండు పేరాలు దొరకడం గొప్ప. ఆట లేని ఈ పది రోజుల్లో మాత్రం రోజూ ఒక బాక్సు ఇచ్చేవారు. ఎవరు గెలిచారన్నదాని కన్నా ఎవరు ఎటు పోతున్నారన్నదే జనం ఎక్కువ చదువుతారని మా డెస్కులో అందరికీ తెలుసు.

మా సెక్రటరీ గారిది విజయనగరం వైపు. ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. క్లబ్బుని కూడా సెక్షన్ లాగే నడిపేవారు. ఆయన బీరువా తలుపు లోపల ఆటగాళ్ళ సీనియారిటీ జాబితా అంటించి ఉండేది. ముందు చేరినవాడు ముందు, చివర చేరినవాడు చివర. సంఘానికిచ్చే జాబితాకి మాత్రం ఆ వరస ఉండేది కాదు. ఎవరినైనా తీసేయాల్సి వస్తే కింద నుంచి తీసేవారు. సీజను ముగిసిన రోజు టీ, సమోసాల మధ్య అందరి చేతా ఖాళీ విడుదల కాగితాల మీద సంతకాలు చేయించి దగ్గర పెట్టుకునేవారు. జూన్‌లో మళ్ళీ ఒక్కొక్కణ్ణీ వెతుక్కుంటూ తిరగక్కర్లేదని. ఎవరూ అభ్యంతరం చెప్పేవారు కాదు. ఆయన మీద అందరికీ అంత నమ్మకం.

కోచ్ గఢ్వాల్ మనిషి, సైన్యంలో చేసి వచ్చినవాడు. ఆయనకి ఈ పద్ధతి అసలు గిట్టేది కాదు. "సెక్రెటరీ సాబ్, గేంద్ సీనియారిటీ నహీఁ దేఖ్తీ," అనేవాడు. బంతి సీనియారిటీ చూడదని. సెక్రటరీ గారు హిందీలో ఏదో మర్యాదగా సర్దిచెప్పి, నా వైపు తిరిగి తెలుగులో, "బంతి చూడదండీ. రేపు తీసేసినోడి బాబు వచ్చి మా గుమ్మంలో కూచుంటాడు, ఆడు చూస్తాడు," అనేవారు.

ఆ జాబితాలో గోల్‌కీపర్‌ది రెండో పేరు. వయసు ముప్పై మూడు. తల్లిదండ్రులది కరీంనగర్ వైపు. అతను పుట్టి పెరిగింది మాత్రం ఢిల్లీలోనే. ఒక ప్రభుత్వ ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా దినసరి లెక్క మీద పనిచేస్తున్నాడు. ఆ ఏడాది అక్కడ క్రీడాకారుల కోటాలో ఒక పక్కా ఉద్యోగం వచ్చింది. షరతు ఒకటే. రాబోయే సీజనుకి రిజిస్టరులో పేరున్న ఆటగాడని సంఘం నుంచి కాగితం తేవాలి. పొద్దున పార్కులో నడుస్తుండగా నాకీ సంగతి చెప్పి, వెంటనే చెయ్యి పట్టుకున్నాడు.

"సెక్రటరీ సార్‌కి మాత్రం చెప్పకన్నా. చెప్తే పొద్దుగాల పాల బూత్ కాడ అందరికి తెలుస్తది. ఆర్డర్ చేతికొచ్చినంక నేనే మిఠాయి డబ్బా పట్టుకోని పోత."

ఆ పేరుకి ప్రమాదం వస్తుందని మా ఇద్దరికీ తోచలేదు. పైనుంచి రెండోవాడు.

నాలుగో రోజున స్టేడియం బయట టీ బండి దగ్గర పెద్ద క్లబ్బు మేనేజరు ఒకాయన నా భుజం తట్టాడు. "తుమ్హారా గోలీ హమారే యహాఁ ఆ రహా హై. లిఖ్ లో." మీ గోల్‌కీపర్ మా దగ్గరికి వచ్చేస్తున్నాడు, రాసుకో అని. గోల్‌కీపర్ ఇంటికి ఫోన్ చేశాను. డ్యూటీకి వెళ్ళాడని వాళ్ళమ్మ చెప్పింది. అతని మొబైల్ ఆపేసి ఉంది, ఆఫీసులో ఎప్పుడూ అంతే. పేజీ మూసే వేళ దగ్గర పడుతోంది, బాక్సులో మూడు లైన్లు ఖాళీ. అతను క్లబ్బు మారే అవకాశం ఉందని తెలిసింది అని రాశాను. 'తెలిసింది' అన్న మాట పత్రికలవాళ్ళకి చాలా పనికొస్తుంది. ఎవరు చెప్పారో రాయక్కర్లేదు, ఎవర్ని అడగలేదో కూడా రాయక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే గోల్‌కీపర్ పేపరు చేత్తో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను.

"అన్నా, క్యా బాత్ హై! ఫోటో గూడ ఏసుంటే కతమ్!"

"నిజంగా వెళ్తున్నావా?"

"యాడికి పోత? ఆ మేనేజర్ పార్కింగ్ కాడ కలిసి, ఆయేగా క్యా అని అడిగిండు. సోచ్తా హూఁ అన్న. మొఖం మీద వద్దనలేం గద." వస్తావా అంటే ఆలోచిస్తానన్నాడన్నమాట.

"సరే, రేపు కాదని రెండు లైన్లు వేస్తాను."

"ఎందుకన్నా, ఉండనీ! ముప్పై మూడేండ్లోనికి ఇంక డిమాండ్ ఉన్నదంటే సెక్రటరీ సార్ ఇంకింత గట్టిగ పట్టుకుంటడు."

లోపల టిఫిన్ డబ్బాలు సర్దుతున్న నా భార్య వినేసింది. "పట్టుకుంటారో వదిలేస్తారో వెళ్ళి ఆయన్నే అడగొచ్చు కదా. నాలుగు బ్లాకుల అవతలేగా ఉండేది," అంది.

"భాభీ, అడిగితే వాల్యూ పోతది," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నా పొరపాటు అతనికి మేలే చేసిందనుకుని నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఆ రెండు లైన్లు రాయలేదు.

కానీ ఆ తర్వాతి రోజులు ఇద్దరికీ కాలు నిలవలేదు. అతను సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మా ఇంటి ముందు సైకిలు ఆపేవాడు. "సార్ ఏమన్న అన్నడా?" ఏమీ అనలేదనేవాణ్ణి. కాసేపు ఉండి, సైకిలు స్టాండు వేసి, తీసి, మళ్ళీ వేసి వెళ్ళిపోయేవాడు. నేను డెస్కులో వేరే ఆటల వార్తలు దిద్దుతూ కూడా మధ్యమధ్యలో లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. ఎందుకు లేచానో నాకే తెలిసేది కాదు.

ఒక సాయంత్రం మాత్రం వెలిగిపోతూ వచ్చాడు. "అన్నా, సార్ కలిసిండు మార్కెట్ల. 'బాగున్నారా అండీ' అన్నడు! తొమ్మిదేండ్ల సంది 'ఏటిరా' తప్ప ఇంకో మాట లేదు. దేఖా, పేపర్ కా అసర్?"

అది పేపరు ప్రభావమేనని నాకూ అనిపించింది. ఎవరైనా మన సెక్షన్ వదిలి వెళ్తున్నారంటే ఆఫీసుల్లో అప్పటిదాకా ఉన్న చనువు తగ్గి మర్యాద పెరుగుతుందని నా భార్యకి తెలుసు. ఆ సాయంత్రం ఆవిడ ఇంట్లో లేదు.

ఆఖరిరోజు అతను సగం పూట సెలవు పెట్టి, సంఘం ఇచ్చే కాగితం కోసం దరఖాస్తు కూడా నింపుకుని వచ్చాడు. ఆ తర్వాత జరిగింది మొదటే చెప్పాను.

ఖాళీ వెనకపేజీ చూశాక అతను వరండాలోకి దాదాపు పరుగెత్తాడు. నేను సెక్రటరీ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కాగితాలు సంచిలో సర్దుకుంటున్నారు.

"ఏమిటండీ ఇది? రెండో పేరు కదా!"

"వెళ్ళిపోతన్నారని మీ పేపర్లోనే వేసేరు కదండీ," అన్నారు ఆయన నిజమైన ఆశ్చర్యంతో.

"ఒక్కసారి అతన్ని అడగాల్సింది."

"ట్రాన్స్‌ఫర్ కోరుకున్న మనిషిని ఎందుకెళ్తన్నావని అడుగుతామేటండీ? బాగోదు. తొమ్మిదేళ్ళు ఆడేడు, వెళ్ళేటప్పుడు ఇబ్బంది పెట్టకూడదని విడుదల కాగితం మీ వార్త వచ్చిన మర్నాడే దాఖలు చేసీసేను. అవతల క్లబ్బులో చోటు పోకూడదు కదా."

ఈలోపు గోల్‌కీపర్ తిరిగొచ్చాడు. పెద్ద క్లబ్బు మేనేజరు జాబితా మధ్యాహ్నమే నిండిపోయిందట. "యార్, తూనే హాఁ కబ్ బోలా?" అన్నాడట. ఒప్పుకున్నానని నువ్వెప్పుడు చెప్పావు అని. మరో మూడు క్లబ్బులూ ముద్రలు వేయించేసుకున్నాయి.

"సార్, ఈ ఏడు నాకు రిజిస్టర్ల పేరు గావాలె. నౌకరీ ఉన్నది దాని మీద," అన్నాడు సెక్రటరీ గారితో. అంతా చెప్పేశాడు.

మర్యాద ఎగిరిపోయి పాత పిలుపు వచ్చేసింది. "ఈ ముక్క ముందు చెప్పాలేటిరా, వెధవా!"

"మీరు అడగలే సార్. నేను చెప్పలే."

ఆయన గుమాస్తా దగ్గరికి పరుగెత్తారు. ముద్ర పడిన జాబితాలో పేరు మార్చాలంటే తీసేసే ఆటగాడు తనే వచ్చి సంతకం చేయాలన్నాడు గుమాస్తా. మా గోల్‌కీపర్ చోట్లో రాసిన కొత్త కీపరు సి.ఏ. చదివే గుంటూరు కుర్రాడు. లక్ష్మీ నగర్‌లో కోచింగ్ క్లాసులో ఉన్నాడు. యమున అవతల. ముగ్గురం మూడు ఫోన్లతో మోగించాం. క్లాసులో ఫోన్లు ఆపించేవారట. అయిదు కొట్టాక గుమాస్తా రిజిస్టరు మూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతను చేసింది తప్పని నేను అనలేను.

తిరుగు ప్రయాణంలో, రింగ్ రోడ్డు చుట్టూ తిరిగే ముద్రిక బస్సులో ముగ్గురికీ వేర్వేరు చోట్ల సీట్లు దొరికాయి. దగ్గర దగ్గరగా ఖాళీలు వచ్చినా ఎవరూ లేచి మారలేదు.

మర్నాడు నేను రెండు లైన్లు రాశాను, గోల్‌కీపర్ క్లబ్బు మారలేదనీ, వార్త సరిచూసుకోకుండా వేశామనీ. చివరి నిమిషంలో ప్రకటన వచ్చి ఆ లైన్లు లేచిపోయాయి. ఆ మర్నాటికి బాక్సే లేదు, పది రోజులు అయిపోయాయి కదా.

సెక్రటరీ గారు ఊరుకోలేదు. తనకి తెలిసిన మార్గం ఆయనకి ఒకటే, ఉత్తరం. అపోహ వల్ల విడుదల చేశామని క్లబ్బు తరఫున రాశారు. నా వార్త ధ్రువపరచుకోనిదని నేనూ సంతకం చేసి ఇచ్చాను. గోల్‌కీపర్ ఆఫీసు వాటిని సంఘం అభిప్రాయానికి పంపింది. రిజిస్టరులో ఉన్నదే ఉన్నదని సంఘం జవాబిచ్చింది. షరతు సడలించవచ్చునా అని అడుగుతూ ఆ ఆఫీసు ఫైలుని పైకి పంపింది.

మరుసటి జూన్‌లో అతన్ని మా క్లబ్బు మళ్ళీ రాసుకుంది. అయితే బయటికి వెళ్ళి కొత్తగా చేరినట్టే కనక, బీరువా తలుపు మీద అతని పేరు ముప్పయ్యోది అయింది. పద్ధతి పద్ధతే అన్నారు సెక్రటరీ గారు, నా కళ్ళలోకి చూడకుండా. కోచ్ మాత్రం ఆ ఏడాది మొదటి మ్యాచ్‌కి అతన్నే మైదానంలోకి దించాడు. ఉద్యోగానికి అడిగింది అంతకు ముందు సీజను పేరు కనక, ఇది దానికి పనికిరాలేదు.

నాలుగేళ్ళ తర్వాత మేము క్వార్టరు ఖాళీ చేసి గుర్గావ్ వెళ్ళిపోయాం. వెళ్ళేముందు అతన్ని అడిగాను. షరతు సడలించినట్టు గానీ, కుదరదని గానీ కాగితం రాలేదు. ఆ పోస్టులో ఇంకెవరినీ వేయలేదు. అతను అదే ఆఫీసుకి దినసరి లెక్క మీదే వెళ్తున్నాడు.